రుమాలు అడిగితే దస్తీలు వచ్చినయ్

మా పెద్దమ్మాయి నిశ్చితార్థం మొన్న మాఘమాసంలో ఇక్కడే, కరీంనగర్‌లో జరిగింది. అబ్బాయి వాళ్ళది గుంటూరు వైపు. మంచి మనుషులు, మాటలో మెత్తదనం ఉన్నవాళ్ళు. వారం ముందే వియ్యపురాలు ఫోన్ చేసి, "వదినగారూ, ఇంట్లో పెద్దాయన ఉన్నారు కదా, ఆయనకు ఏం పెట్టమంటారు?" అని అడిగింది. "ఎందుకు వదినా అంత శ్రమ, దోతి, రుమాలు పెడితే చాలు, ఆయన సంతోషపడతారు" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. అందుకే తర్వాత జరిగినదానికి ఎవరినీ అనలేకపోయాను.

నిశ్చితార్థం రోజు అందరికీ బట్టలు పెట్టారు. మా మామకు 82 ఏళ్ళు. నిర్మల్ దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసి, అత్తమ్మ పోయినంక మా దగ్గరికి వచ్చాడు. ఆయన చేతిలో పళ్ళెం పెట్టారు. పట్టంచు దోతి, దానిమీద అందమైన గాజుమూత పెట్టె. అందులో ఆరు తెల్లటి చేతిగుడ్డలు, అంచులకు నీలం గీతలు. మామ పెట్టెను రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. పళ్ళెం పక్కన పెట్టి, భోజనాలకు లేవలేదు.

రాత్రి నేను మజ్జిగ తీసుకెళ్తే అప్పుడు అన్నాడు. "బిడ్డా, రుమాలు పెడ్తమని చెప్పి దస్తీలు పెట్టిండ్రు. నేనేమన్న ముక్కు తుడుచుకునేటోన్నా?"

మన వైపు వాళ్ళకు ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. మనకు రుమాలు అంటే తలకు చుట్టుకునేది, ఐదారు గజాల తెల్లగుడ్డ. జేబులో పెట్టుకునేది దస్తీ. అటువైపు వాళ్ళకు రుమాలు అంటేనే జేబులోది. తలకు చుట్టేదాన్ని తలపాగా అంటారు. వాళ్ళు అడిగి, నేను చెప్పినదే తెచ్చారు. ఖరీదైనవే తెచ్చారు. తప్పు ఎవరిదీ కాదు, కానీ ఒక ముసలాయన అన్నం తినకుండా పడుకున్నాడు.

డిగ్రీలో తెలుగు చదివిన అలవాటు ఒకటి నన్ను వదల్లేదు. మనసు బాగాలేకపోతే నిఘంటువు తీస్తాను. ఆ రాత్రీ అదే చేశాను. 'రుమాలు' ఫారసీ మాట. 'రూ' అంటే ముఖం, 'మాల్' అంటే తుడిచేది. ముఖం తుడుచుకునే గుడ్డ అన్నమాట. 'దస్తీ' కూడా అక్కడిదే. 'దస్త్' అంటే చెయ్యి. చేతిలో ఉండే గుడ్డ. అంటే మాట పుట్టుక ప్రకారం చూస్తే మా వదిన తెచ్చిందే అసలైన రుమాలు! ఈ సంగతి మామకు చెబుదామా అనుకుని మానుకున్నాను. ఆకలితో పడుకున్న మనిషికి ఫారసీ చెప్పి ఏం లాభం?

ఆ తర్వాత నాలుగు రోజులకు మా చిన్నోడు ఇంగ్లీషు హోంవర్కు పట్టుకొచ్చాడు. ఎనిమిదో తరగతి. 'హ్యాట్'కూ 'క్యాప్'కూ తేడా రాయాలట. "రెండూ టోపీలే కదరా" అన్నాను. "అట్ల రాస్తే సున్న ఏస్తరమ్మా" అన్నాడు. కూర్చుని ఇద్దరం వెతికాం. హ్యాట్‌కు చుట్టూ అంచు ఉంటుంది. క్యాప్ తలకు అతుక్కుని ఉంటుంది. అంచు ఉండదు, ఉంటే ముందు మాత్రమే, కళ్ళకు నీడ పట్టేంత. పెళ్ళిలో దొరబాబు ఫొటోకు పెట్టుకునేది హ్యాట్, విరాట్ కోహ్లీ బ్యాటింగ్ అయిపోయాక పెట్టుకునేది క్యాప్. అక్కడితో వాడి హోంవర్కు అయిపోయింది. నాది మొదలైంది.

ఇంగ్లండులో ఈ తేడా గుడ్డది మాత్రమే కాదు, మనిషి అంతస్తుది కూడా. 1571లో, ఎలిజబెత్ రాణి కాలంలో, అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఆరేళ్ళు దాటిన మామూలు జనం ఆదివారాల్లో, పండుగ రోజుల్లో ఉన్ని క్యాప్ పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే రోజుకు మూడు షిల్లింగుల నాలుగు పెన్నీల జరిమానా. ఉన్ని టోపీలు అల్లేవాళ్ళకు పని దొరకాలని ఆ చట్టం తెచ్చారు. ప్రభువులకు, భూములున్న పెద్దమనుషులకు, గొప్పింటి ఆడవాళ్ళకు మినహాయింపు ఇచ్చారు. 1597లో చట్టం రద్దయింది. కానీ క్యాప్ అంటే పనివాడిది, హ్యాట్ అంటే పెద్దమనిషిది అన్న అభిప్రాయం తర్వాతి వందల ఏళ్ళలోనూ పోలేదు. మనమూ 'హ్యాట్సాఫ్' అంటాం కానీ 'క్యాప్సాఫ్' అనం కదా!

మన టోపీ సంగతి చూడండి. హ్యాట్ టోపీయే, క్యాప్ టోపీయే, పసిపిల్లలకు అల్లే ఉన్ని కుచ్చుది టోపీయే. తెల్లవాళ్ళు ఈ మాటను మన దేశం నుంచి తీసుకుపోయారు. వాళ్ళ నిఘంటువులో 'టోపీ' అంటే హ్యాటూ కాదు, క్యాపూ కాదు. ఎండ తగలకుండా ఇక్కడి దొరలు పెట్టుకున్న సోలా టోపీ ఒక్కటే. అది నీటిలో పెరిగే ఒక మొక్క బెండుతో చేసేవాళ్ళు. ఇక్కడ పది పనులు చేసే మాట అక్కడికి వెళ్ళి ఒక్క పనికే కుదిరింది. ఎందుకంటే మిగిలిన పనులకు అక్కడ అప్పటికే హ్యాట్, క్యాప్ ఉన్నాయి.

అమెరికాలో ఉన్న మా మరిది కారు బాగుచేయిస్తూ వీడియోలో 'హుడ్' తెరిచి చూపిస్తాడు. మన మెకానిక్ దాన్ని 'బానెట్' అంటాడు. ఈ రెండూ తలకు పెట్టుకునేవే. బానెట్ అంటే గడ్డం కింద దారంతో కట్టుకునే ఆడవాళ్ళ, పసిపిల్లల టోపీ. హుడ్ అంటే అంగీకే కుట్టిన తలముసుగు. వానాకాలం మన వైపు గొర్లకాపరులు గొంగడిని నెత్తిమీద నుంచి కప్పుకుంటారే, అలాంటిది. ఇంగ్లండు వాళ్ళు పైకప్పు మడిచే కార్లలో ఆ మడిచే కప్పును హుడ్ అంటారు. అందుకని ముందు మూతకు బానెట్ మిగిలింది. అమెరికా వాళ్ళు ముందు మూతకే హుడ్ ఇచ్చారు. ఇక బానెట్‌కు కారులో పని లేకుండా పోయింది.

అప్పుడు నాకు మా అత్తగారిల్లు గుర్తొచ్చింది. నేను కాపురానికి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో ముగ్గురం తోడికోడళ్ళం. ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు బర్ల దగ్గర, నేను పిల్లల దగ్గర. ఎవరూ గీత గీసి చెప్పలేదు. పక్కనున్నవాళ్ళు చేసేది మనం చేయం, మిగిలింది చేస్తాం. పండుగకు పెద్దక్క పుట్టింటికి వెళితే పొయ్యి నాకొచ్చేది. మాటలు కూడా తోడికోడళ్ళ లాంటివే. ఒక్కో మాట అర్థం దాని పుట్టింట్లో ఏమిటన్నదానికంటే, మెట్టినింట్లో పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలుతుంది.

మన దగ్గర జేబు పని దస్తీ చూసుకుంది. అందుకని రుమాలు తలమీదే ఉండిపోయింది. కోస్తాలో దస్తీ అనే తోడికోడలు లేదు. తలమీద పనికి తలపాగా ఉంది. రుమాలు జేబులోకి, చేతిలోకి దిగింది. చేతిరుమాలు, జేబురుమాలు అన్న మాటలు ఉన్నాయంటేనే, ఒకప్పుడు వేరే చోటుండే రుమాలు కూడా ఉండేదని కదా అర్థం! పాత కథల్లో 'తలరుమాలు' అటువైపూ కనిపిస్తుంది.

మాట సంగతి తేలింది. మామ బాధ సంగతి తేలలేదు. గుడ్డ పొడవు తగ్గినందుకు మనిషి అన్నం మానేస్తాడా? తల మీద పెట్టేదానికి మన దగ్గర ఇంత బరువెందుకని ఆలోచించాను.

మాకు డిగ్రీలో శ్రీనాథుడి చాటువులు చెప్పేవాళ్ళు. 15వ శతాబ్దంలో ఆయన విజయనగరం వెళ్ళి ప్రౌఢదేవరాయల దర్శనం కోసం పడిన పాట్ల మీద ఒక చాటువు ఉంది. తలకు కుళ్ళాయి పెట్టి, తనకు అలవాటు లేని బట్టలు తొడిగి, అలవాటు లేని తిండి తిని, ఇంకా నీకు దయ రాలేదా అని కన్నడ రాజ్యలక్ష్మిని అడుగుతాడు. క్లాసులో నవ్వుకున్నాం. ఆ కుళ్ళాయి కూడా ఫారసీ 'కులాహ్' నుంచి వచ్చిందే. సుల్తానుల దర్బార్ల వేషం విజయనగరానికి వచ్చి, అక్కడి పెద్దమనుషుల తలమీద నిలిచింది. లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మల్లో ఆ పొడుగాటి టోపీలు ఇప్పటికీ చూడొచ్చు. అంతటి కవిసార్వభౌముడికైనా ఇంకొకరి కొలువులో అడుగుపెట్టాలంటే ముందు తల మార్చుకోవలసి వచ్చింది. ఇప్పుడు చదివితే నవ్వు రావడం లేదు.

మన నిజాం రాజ్యంలో తల చూస్తే మనిషి తెలిసిపోయేవాడు. దర్బారుకు వెళ్ళేవాళ్ళకు దస్తార్, నడుముకు బగ్లూస్. దస్తార్ ముందే చుట్టి గట్టిగా చేసి పెట్టిన తలపాగా. ప్రధానమంత్రిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ ఫొటోల్లో దాన్ని చూడొచ్చు. చదువుకున్నవాళ్ళకు షేర్వానీ మీద రూమీ టోపీ, ఎర్రగా నిలువుగా ఉండి పైన నల్ల కుచ్చు వేలాడేది. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కూడా చాలా ఫొటోల్లో ఒక పాత రూమీ టోపీతోనే కనిపిస్తాడు. పల్లెల్లో పటేళ్ళకు, రైతులకు, గొల్లవాళ్ళకు రుమాలు. దాన్ని చుట్టే తీరులోనే ఏ ఊరివాడో, ఏ పనివాడో చెప్పేవాళ్ళని మా మామ అంటాడు. కాంగ్రెస్ వాళ్ళది తెల్ల ఖాదీ గాంధీ టోపీ. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది. మెల్లగా ఎర్ర టోపీలు తగ్గి, తెల్ల టోపీలు పెరిగాయి. రుమాలు మాత్రం పొలంలో అలాగే ఉంది. రాజు మారితే మారేది టోపీ. రుమాలుకు రాజుతో పని లేదు.

ఆ రూమీ టోపీది ఇంకో వింత. 'రూమ్' అని పాతకాలంలో టర్కీ వైపును అనేవాళ్ళు. అక్కడ సుల్తాను 1820ల చివర తలపాగాలు తీయించి ఉద్యోగులకు ఆ ఎర్రటోపీ పెట్టించాడు. వంద ఏళ్ళు కూడా కాకముందే, 1925 నవంబరులో, ముస్తఫా కెమాల్ ప్రభుత్వం దాన్ని చట్టంతో తీయించి హ్యాట్ పెట్టించింది. చుట్టూ అంచున్న హ్యాట్‌తో నమాజులో నుదురు నేలకు ఆనదు. మా చిన్నోడి హోంవర్కులో ఒక్క మార్కు తేడా, అక్కడ జనానికి జైళ్ళదాకా, ఉరికంబాలదాకా వెళ్ళింది. టర్కీలో నేరమైపోయిన ఆ టోపీ మన హైదరాబాదులో ఇంకో ఇరవై ఏళ్ళకు పైగా పెద్దమనిషి గుర్తుగా బతికింది. 1931లో టర్కీ చివరి ఖలీఫా కూతురు దుర్రుషెవార్ నిజాం పెద్దకొడుక్కు భార్యగా హైదరాబాద్ కోడలైంది. పుట్టింటి దేశంలో వద్దన్న టోపీలు ఆమెకు అత్తవారింట్లో అందరి తలలమీదా కనపడి ఉంటాయి.

వీటన్నిటికంటే మా మామ మనసు నాకు తెలిపింది గాంధీగారి కథ. 1893లో ఆయన దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దిగిన రెండు మూడు రోజులకే కోర్టుకు వెళ్ళారు. మేజిస్ట్రేటు తలపాగా తీయమన్నాడు. ఆయన తీయకుండా కోర్టు నుంచి బయటికి వచ్చేశారు. ఈ గొడవంతా ఎందుకు, ఇంగ్లీషు హ్యాట్ పెట్టుకుంటే సరిపోతుంది కదా అని కూడా ఒక దశలో అనుకున్నారట. ఆయనను పిలిపించిన వ్యాపారి అబ్దుల్లా సేఠ్ వద్దన్నాడు. ఆ ఊళ్ళో హ్యాట్ పెట్టుకున్న భారతీయుడిని హోటల్లో వడ్డించేవాడనుకుంటారని చెప్పాడు. చూడండి, లండన్‌లో పెద్దమనిషి గుర్తైన హ్యాట్, డర్బన్‌లో మనవాడి తలకెక్కేసరికి నౌకరు గుర్తైంది. అసలు గొడవ ఎక్కడంటే, వాళ్ళ మర్యాద తలమీదిది తీయడంలో ఉంది, మన మర్యాద తలకు చుట్టడంలో ఉంది. ఎదుటివాడికి మర్యాదైనది మనకు అవమానం. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదు.

మా అత్తగారింట్లో తండ్రి పోయిన తర్వాత దినాలనాడు పెద్దకొడుకు తలకు రుమాలు చుడతారు. ఇంటి బరువు నీదే అని చెప్పడం అది. మా మామకు పంతొమ్మిదేళ్ళప్పుడు అలా చుట్టారట. మనవరాలి పెళ్ళిలో వియ్యాలవారు పెట్టే రుమాలు అంటే ఆయనకు, ఈ ఇంటికి పెద్దవు నువ్వే అని నలుగురిలో ఒప్పుకోవడం. గాజుమూత పెట్టెలో ఆయన వెతికింది అదే.

కొత్తగా పెళ్ళైన ఏడాది దీపావళికి మామ మమ్మల్ని ఉట్నూరు వైపు దండారి చూపించడానికి తీసుకెళ్ళాడు. గోండుల గుస్సాడీ నాట్యం. తలమీద నెమలి ఈకలతో చేసిన పెద్ద గుండ్రటి కిరీటం, ఒంటినిండా బూడిద, భుజాన జింకతోలు. పట్నం పిల్లను కదా, "ఆ టోపీ ఎంత బాగుందో" అన్నాను. మామ నా చెయ్యి మెల్లగా పట్టి ఆపాడు. "టోపీ అనకు బిడ్డా, అది వాళ్ళకు దేవుడు." దాన్ని మల్‌బూర అంటారని, పూజ చేసిన తర్వాతే తలకెత్తుకుంటారని చెప్పాడు. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి ఆ నాట్యానికే 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2024లో కన్నుమూశారు. పేపర్లు మాత్రం ఎప్పుడూ 'నెమలి ఈకల టోపీ' అనే రాస్తాయి. ఇతరుల మాట విషయంలో నాకంత జాగ్రత్త నేర్పిన మనిషి, తన మాట దగ్గర దెబ్బతిన్నాడు. అదీ నా వల్ల.

ఇక దాచకూడదనుకున్నాను. వదినకు ఫోన్ చేశాను. నేను పుట్టి పెరిగిన మాటనే వాడాను, మీకు దాని అర్థం వేరని నాకు తట్టలేదు, తప్పు నాదే అని మొత్తం చెప్పాను. ఆమె ముందు గట్టిగా నవ్వింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. "మా తాతయ్య తలరుమాలు అనేవారు వదినా" అంది. "పొలం నుంచి రాగానే అరుగుమీద విప్పి దులిపేవారు. మా అమ్మమ్మ దాన్ని ఎవర్నీ తొక్కనిచ్చేది కాదు. ఆ మాటే మరిచిపోయాను. ఇప్పుడెవరూ చుట్టరుగా మరి." ఆ మాట వాళ్ళింట్లోనూ ఉండేదన్నమాట. చుట్టే తల లేకపోయేసరికి జేబులోకి జారింది.

పెళ్ళి చైత్రంలో అయింది. వియ్యంకుడు పళ్ళెం పట్టుకుని వచ్చాడు. ఈ మధ్య పెళ్ళిళ్ళలో అద్దెకు దొరికే, రాళ్ళు అతికించిన రెడీమేడ్ తలపాగా తెస్తారేమోనని నాకు లోపల భయంగానే ఉంది. మడతపెట్టిన తెల్లటి నూలు గుడ్డ తెచ్చారు. "మాకెవరికీ చుట్టడం రాదు, మీరే చూపించాలి బాబాయిగారూ" అన్నాడు. మామ ఒక కొసను మా చిన్నోడికిచ్చి దూరంగా నిలబడమన్నాడు. ఇంకో కొసను పళ్ళతో పట్టి, అద్దం లేకుండా, వణికే చేతులతోనే చుట్టుకున్నాడు. తర్వాత పెళ్ళికొడుకు తమ్ముళ్ళు ముగ్గురు వరసగా నిలబడి చుట్టించుకున్నారు. ఆ ఫొటోలోనే మామ నవ్వుతూ ఉన్నాడు.

ఆ ఆరు దస్తీలు? అవీ వృథా కాలేదు. అప్పగింతలప్పుడు మామ జేబులోంచి ఒకటి తీశాడు. కళ్ళు తుడుచుకుంటూ, "గిదైతే మంచిగనే పనికొచ్చింది, మెత్తగున్నది" అన్నాడు. ఫారసీలో రుమాలు అన్నదాని అర్థం ఆరోజు ఆయన చేతిలో చూశాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు తలకు చుట్టుకునేదాన్ని ఏమంటారో, ఏమనేవాళ్ళో ఒకసారి అడగండి. కొత్తగా వియ్యమందే ఇంటివాళ్ళు ఏదైనా పెడతామంటే మాత్రం, పేరు చెప్పి ఊరుకోకండి. ఎక్కడ పెట్టుకునేదో, ఎందుకు పెట్టుకునేదో కూడా చెప్పండి.